కానరాని చారులు

పూర్వం రాజులు రాజ్యంలోని విశేషాలను చారుల ద్వారా తెలుసుకొనేవారు. అందుచేతనే రాజును ‘చారచక్షువు’ అన్నారు. గూఢపురుషులు గృహస్థులుగా, వర్తకులుగా, తాపసులుగా వేషాలు ధరించి సంచరించాలని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నిర్దేశించాడు. చూచినవారికి అనుమానం కలగకపోవడమే ఆ చారుల బలం. నేటి అంతర్జాలంలో అటువంటి చారులు మనుషులు కారు. కంప్యూటరులోను, సెల్‌ఫోనులోను చేరి, మనిషి ఏయే పుటలను దర్శించాడో, దేనిని ఎంతసేపు చూశాడో నిశ్శబ్దంగా నమోదుచేసే సాఫ్ట్‌వేర్లు.

ఈ కథ నిరపాయంగానే ఆరంభమైంది. ఒక పుట నుండి మరొక పుటకు వెళ్ళేసరికి వచ్చినవాడెవరో వెబ్‌సైటుకు గుర్తుండేది కాదు. ఈ లోపాన్ని సవరించడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మోంటుల్లీ ‘కుకీ’ని రూపొందించాడు. వెబ్‌సైటు వాడుకరి బ్రౌజరులో ఉంచే చిన్న చీటీయే కుకీ. అతడు మళ్ళీ వచ్చినప్పుడు ఆ చీటీని చూచి వెబ్‌సైటు అతనిని గుర్తిస్తుంది. అయితే ఒకే ప్రకటనల సంస్థ వేలాది వెబ్‌సైట్లలో ప్రకటనలు ఉంచి, వాటితోపాటు తన చీటీని కూడా ఉంచడం మొదలైన తరువాత ఈ సౌకర్యమే నిఘాగా మారింది.

దీనిని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక విద్యార్థి తెనాలిలో పోటీపరీక్షల పుస్తకం కొన్నాడు. బాపట్లలోని మందుల దుకాణంలో తల్లి కోసం చక్కెరవ్యాధి మాత్రలు తీసుకొన్నాడు. రేపల్లెలో బంగారం తాకట్టుపై వడ్డీ ఎంతని విచారించాడు. ఏ దుకాణదారుకు ఆ దుకాణంలో జరిగినది మాత్రమే తెలుసు. కాని మూడుచోట్లా ఒకే దళారి మనుషులు నిలబడి, ఆ విద్యార్థికి ఒక సంఖ్యను కేటాయించి, చూచినదంతా ఒకే ఖాతాపుస్తకంలో వ్రాసుకొంటే? అతని పేరు తెలియకపోయినా, అతని ఆశయం, ఇంటిలోని అనారోగ్యం, ధనం కొరత మూడూ ఒక్కచోట చేరుతాయి. విడివిడిగా ఉన్నప్పుడు అల్పమైన విషయాలే కలిసినప్పుడు ఒక జీవితానికి చిత్రపటమవుతాయి.

కుకీ కంటె ఎక్కువగా చూడగల సాధనాలు కూడా ఉన్నాయి. బ్రౌజరుకు జోడించే ఉచిత ఉపకరణాలలో కొన్ని, వాడుకరి తెరచిన ప్రతి పుటనూ గమనించగలవు. వైరస్‌ల నుండి రక్షణ కల్పించే సాఫ్ట్‌వేరుకు ప్రసిద్ధిచెందిన అవాస్ట్ సంస్థ, తన వినియోగదారుల బ్రౌజింగ్ సమాచారాన్ని సేకరించి, జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా 2014 నుండి 2020 వరకు వందకు పైగా సంస్థలకు విక్రయించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. అవాస్ట్ అభియోగాలతో ఏకీభవించకపోయినా రాజీకి అంగీకరించింది. ఒక కోటి 65 లక్షల డాలర్లు చెల్లించాలని 2024లో ఉత్తర్వు వెలువడింది. కంచే చేను మేయడమంటే ఇదే.

‘తప్పు చేయనివానికి భయమెందుకు?’ అని కొందరు ప్రశ్నిస్తారు. తల్లి జబ్బును గురించి తెలుసుకోవడం తప్పు కాదు. అయినా ఆ సంగతిని నలుగురిలో చాటించాలని ఏ కుమారుడూ కోరుకోడు. పైగా అవసరంలో ఉన్నవాడెవడో తెలిసిన వ్యాపారి, సరిగ్గా ఆ వేళకే అధికవడ్డీ అప్పు ప్రకటనను అతని కళ్ళముందు నిలుపగలడు. తన నిర్ణయం తనదేనని విద్యార్థి భావిస్తాడు; కాని దానిని ప్రేరేపించినది అతడెరుగని ఖాతాపుస్తకం.

వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తొమ్మిదిమంది న్యాయమూర్తులలో కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ ఒకరు. అనంతరం 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం రూపొందింది. దాని నియమావళి 2025 నవంబరులో ప్రకటితమై దశలవారీగా అమలుకు నిర్దేశితమైంది. పద్దెనిమిదేళ్ళు నిండనివారి ప్రవర్తనను వెంబడించి గమనించడాన్ని, వారిని లక్ష్యంగా చేసుకొని ప్రకటనలివ్వడాన్ని, కొన్ని మినహాయింపులతో, ఈ చట్టం నిషేధించింది. ఇంటర్మీడియట్ విద్యార్థులలో అధికసంఖ్యాకులు ఈ రక్షణ పరిధిలోనివారే.

అయినా చట్టం ఉన్నదని ఇంటికి తాళం వేయకుండా ఎవరూ ఉండరు. బ్రౌజరు అమరికలలో ఇతర సంస్థల కుకీలను నిరోధించడం, అవసరంలేని ఉపకరణాలను తొలగించడం, చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అనే మీటను నొక్కకపోవడం ప్రతివారూ చేయదగిన పనులు. బ్రౌజరులోని ప్రైవేటు కిటికీ ఆ పరికరంలో చరిత్రను మిగల్చదే గాని, వెబ్‌సైట్ల దృష్టి నుండి వాడుకరిని పూర్తిగా దాచలేదని కూడా గ్రహించాలి.

అంతర్జాలం విజ్ఞానానికి రాజమార్గం. ఆ మార్గంలో నడిచేవాని అడుగుజాడలు అతని సొత్తు. వాటిని కోరేవారు ముందుగా అతని అనుమతిని కోరాలి. ఇవ్వాలో వద్దో తెలిసి నిర్ణయించుకోగలగడమే ఈ కాలపు అక్షరాస్యత.