ఆపరేషన్ తర్వాతి ఇరవై ఏళ్లు

అనంతపురం జిల్లా శింగనమల మండలంలో నేను ఏఎన్ఎమ్‌గా తిరిగినన్నాళ్లూ నా బ్యాగులో ఉన్నవన్నీ కడుపుతో ఉన్నవాళ్లకూ చంటిపిల్లలకూ పనికొచ్చేవే. ఐరన్ మాత్రలు, టీకాలు, బీపీ మిషను, కాన్పు కార్డులు. రెండో కాన్పయ్యి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాక ఆ మనిషికి నా రిజిస్టర్లో పేజీ అయిపోయేది. మా పల్లెల్లో చాలామందికి పాతికేళ్లు నిండకముందే అయిపోతుంది. ఆ తర్వాత ఆమె ముట్టు, తెల్లబట్ట, నడుంనొప్పి ఎవరి లెక్కలోనూ ఉండవు.

పని మాత్రం ఆగదు. చెరువు కింద నాట్లు, మెట్టన చెనిక్కాయ, అవి లేనప్పుడు ఉపాధి హామీ పథకం పని. ఆ పథకం దేశంలో మొదలైంది మా పక్క నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. పొద్దంతా వంగి పని, ముట్టుగుడ్డ మార్చుకోను చాటు లేదు, ఒంటేలుకు పోవాల్సొస్తుందని నీళ్లు కూడా తాగరు. బాధ ముదిరాక టౌనుకు పోయి, స్కానింగ్ కాగితంతో నా దగ్గరికొచ్చేవాళ్లు.

"సంచికి పుండయిందంట నర్సమ్మా, క్యాన్సర్‌కు తిరుగుతాదంట. తీసేస్తే పీడ పోతాది గదా? పిల్లోళ్లు పుట్టేసిరి, ఇంక దాంతో ఏం పని?"

వయసు అడిగితే ముప్పై రెండు.

ఇది మా ఒక్క మండలం గోస కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి ఈ లెక్క తీసింది. దేశంలో 15 నుంచి 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9.

సర్వే రాకముందే దీన్ని పట్టుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్‌లో లైఫ్-హెచ్‌ఆర్‌జీ అనే సంస్థ నడిపిన స్త్రీల వైద్యురాలు డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాష్ అప్పటి మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగారు. సంచి తీయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి నలభై నిండలేదు, ఎక్కువ ఆపరేషన్లు ప్రైవేటులోనే జరిగాయి. డాక్టర్లే తోటి డాక్టర్ల పనిని లెక్కగట్టి బయటపెట్టడం చిన్న విషయం కాదు. వైద్యంలో నాయకత్వమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే, సూపరింటెండెంట్ కుర్చీ కాదు.

డబ్బు సంగతీ చెప్పాల. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. గుండె ఆపరేషన్‌కు పొలం అమ్ముకునే బాధ తప్పింది, ఆ మేలు మరిచేది కాదు. కానీ అట్లాంటి పథకాల్లో డబ్బు కత్తికే గానీ, నిదానంగా కూర్చుని మాట్లాడినందుకు రాదు. తెల్లబట్టకు చాలాసార్లు వారం రోజుల మాత్రలు చాలు, మొగుడికి కూడా వేయాల్సొస్తుంది, అంతే. ముట్టు ఎక్కువైతే రక్తం పోవడం తగ్గించే మాత్రలున్నాయి, హార్మోన్ లూపు ఉంది. పెద్ద గడ్డలు, క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం ఉంటే సంచి తీయాల్సిందే, నేనే ఎక్కించి పంపినవాళ్లున్నారు. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే మాత్రం ముప్పైల్లోనే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. కూలి చేసుకునే మనిషికి ఎముకలే ఆస్తి.

ఇక ఆ క్యాన్సర్ భయం. దాన్ని తీర్చే పరీక్ష చాలా చవక. పల్చటి ఎసిటిక్ యాసిడ్‌లో, అంటే వెనిగర్‌లో ఉండేదే, దూది ముంచి సంచి మూతికి అద్ది ఒక్క నిమిషం ఆగితే, అనుమానమున్న చోట తెల్లగా తేలుతుంది. నేర్పిస్తే నర్సు చేయగలదు. దీనికన్నా గట్టిది హెచ్‌పీవీ పరీక్ష. మహారాష్ట్రలో అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో అది ఒక్కసారి చేసినందుకే సంచి మూతి క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేలింది. కరువు జిల్లా ఆడవాళ్ల మీద తేలిన సంగతి కాబట్టి మాకు అమెరికా లెక్కలు అక్కర్లేదు.

2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయమని రాష్ట్రాలకు చెప్పింది. జిల్లాకొక నిఘా కమిటీ అందులో భాగం. మంచిదే. కానీ కమిటీ చూసేది ఆపరేషన్ అయిపోయాక వచ్చే కాగితాన్ని. అంతకు ముందే ఆమెను కూర్చోబెట్టి "ఎన్నాళ్ల నుంచి? ఏం మందులు వాడినావు?" అని అడిగే డాక్టరమ్మ కావాల. ఆమె కింద నర్సులకు పరీక్ష నేర్పాల, ఏ పీహెచ్‌సీ నుంచి ఎంతమంది కత్తిదాకా పోయినారో నెలనెలా తనే చూసుకోవాల.

ఆ డాక్టరమ్మను కొత్తగా వెతకక్కర్లేదు. 2016 నుంచి ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్షలున్నాయి. బెంచీలన్నీ కడుపుతో ఉన్నవాళ్లతో నిండిపోతాయి. వాళ్లను తోడుకొచ్చిన అత్తలు, అక్కలు గోడ వారగా కూర్చోనుంటారు. సగం రోగాలు ఆ గోడ పక్కనే ఉంటాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ డాక్టరమ్మనే ఇంకో రెండు గంటలు కూర్చోబెట్టి, కాన్పులైపోయిన వాళ్లను పిలవమని నేను అడుగుతున్నా. గది ఉంది, బల్ల ఉంది, దూది ఉంది.