యంత్రంతో పాటు కూలి డబ్బు కూడా ఇవ్వండి

పదహారేళ్ల కుర్రాడికి పని నేర్పడం వేరు, నలభై ఏళ్ల మనిషికి నేర్పడం వేరు. విశాఖపట్నంలో ఐటీఐ వెల్డింగ్ శిక్షకుడిగా పనిచేసి రిటైరయ్యాక, సాయంత్రాలు గాజువాక వైపు ఒక శిక్షణ కేంద్రంలో పెద్దవాళ్లకు పాఠాలు చెబుతున్నాను. ఆటోనగర్ షెడ్లలో గ్రైండింగ్ చేసేవాళ్లు, ప్లేట్లు మోసే హెల్పర్లు, శ్రీకాకుళం పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లు నా దగ్గరకు వస్తారు. కుర్రాళ్లు తప్పు చేస్తే నవ్వేసుకుని మళ్లీ మొదలుపెడతారు. వీళ్లు అలా కాదు. ఒక్క రాడ్డు అంటుకుపోతే చాలు, ఈ వయసులో మనకెందుకులే అని మర్నాటి నుంచి మానేస్తారు.

అందుకే మా కేంద్రానికి వెల్డింగ్ సిమ్యులేటర్ వచ్చినప్పుడు నాకు పట్టలేనంత సంతోషమైంది. ఆర్క్ వెల్డింగ్‌లో రాడ్డు కొసకూ ప్లేటుకూ మధ్య ఎడం దాదాపు రాడ్డు మందమంత ఉండాలి. తగ్గితే రాడ్డు అంటుకుంటుంది, మరీ పెరిగితే ఆర్క్ ఆరిపోతుంది. రాడ్డు కరుగుతున్న కొద్దీ చేతిని దింపుతూ, అదే సమయంలో పక్కకు ఒకే వేగంతో జరుపుతూ పోవాలి. ఈ లెక్క బుర్రకు పది నిమిషాల్లో ఎక్కుతుంది కానీ చేతికి ఎక్కడానికి కట్టలకొద్దీ రాడ్లు కాల్చాలి. సిమ్యులేటర్‌లో హెల్మెట్ లోపల తెర ఉంటుంది, చేతిలో నిజమైన దానిలాంటి హోల్డరే ఉంటుంది. చేయి కదిలినట్టల్లా తెర మీద లోహం కరుగుతూ కనిపిస్తుంది. పని ముగిశాక రాడ్డు వాలు ఎక్కడ మారిందో, వేగం ఎక్కడ తప్పిందో గీతలు గీసి చూపిస్తుంది. రాడ్డు ఖర్చు లేదు, ప్లేటు ఖర్చు లేదు, పొగ లేదు.

అయితే దాని మీద నేర్చుకున్నంత మాత్రాన ఎవరూ వెల్డర్ కారు. వేడి, నిప్పురవ్వలు, మెడ నొప్పి అన్నీ అసలు బూత్‌లోనే తెలుస్తాయి. నిలువు ప్లేటు మీద వేసే 3జీ పరీక్ష, ఏటవాలుగా బిగించిన పైపు చుట్టూ వేసే 6జీ పరీక్ష నిజమైన ఇనుము మీదే నెగ్గాలి. షిప్‌యార్డులూ గల్ఫ్ కంపెనీలూ అడిగేవి అవే.

మరి సిమ్యులేటర్ ఇచ్చేదేమిటో మా దగ్గర గ్రైండింగ్ పని నుంచి వచ్చిన ఒకామె చెప్పింది. "ఇక్కడ తప్పు సేత్తే ఎవులూ తిట్టరు మాస్టారూ. సెడ్డులో అయితే రాడ్డు పాడుసేసీసినావని అరుత్తారు." పెద్దవాళ్ల చదువులో నన్నడిగితే ఇదే అసలు సంగతి. సిగ్గుపడకుండా వందసార్లు తప్పు చేయడానికి ఆ యంత్రం చోటిస్తుంది. దానికి డబ్బు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

కానీ ఆమె మూడు వారాలకే మానేసింది. పని రానందుకు కాదు. ఆమె బ్యాచ్‌ను పగటి పూటకు మార్చారు. పగలు వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఇంటద్దె, పిల్లల ఫీజు ఆగవు కదా. ఆ తర్వాత సిమ్యులేటర్ కూడా మూలపడింది. కొనడానికి విరాళం వచ్చింది, సాఫ్ట్‌వేర్ లైసెన్సు పొడిగించడానికి మాత్రం ఎవరి పద్దులోనూ డబ్బు లేదు.

శిక్షణకు మన దేశంలో అసలు డబ్బే లేదనుకోకండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ ఖర్చుకు తగిన పనుల జాబితాలో వృత్తి నైపుణ్యాలున్నాయి, మహిళలనూ వృద్ధులనూ వికలాంగులనూ ప్రత్యేకంగా పేర్కొన్నారు. 2025లో కేంద్రం వెయ్యి ఐటీఐలను ఆధునికం చేయడానికి 60,000 కోట్ల పథకం ఆమోదించింది. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తోంది. ఇవన్నీ మంచి పనులే. నేను ఐటీఐలో చేరిన రోజుల్లో ఇలాంటి యంత్రాలను కేటలాగుల్లో కూడా చూడలేదు.

ఇబ్బంది వయసు దగ్గర వస్తుంది. గ్రామీణ పేదల కోసం 2014లో మొదలైన డీడీయూ-జీకేవై 15 నుంచి 35 ఏళ్లవాళ్లకు, మహిళలైతే 45 వరకు. ఇప్పటికే పని తెలిసినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ 59 ఏళ్ల వరకు ఉంది కానీ, అది ఉన్న పనికి గుర్తింపు మాత్రమే. హెల్పర్‌ను వెల్డర్‌గా మార్చదు.

పోయే కూలిని లెక్కలోకి తీసుకున్న పథకం ఒకటుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వోచర్ ఇస్తారు. కమ్మరి, వడ్రంగి, తాపీ, దర్జీ వంటి 18 వృత్తులకు ఇది వర్తిస్తుంది. వెల్డింగ్ అందులో లేదు. ఆ భృతి ఆలోచన మాత్రం అన్ని చోట్లకూ రావాలి.

ఇంకో పద్ధతి 2021లో వచ్చిన స్కిల్ ఇంపాక్ట్ బాండ్. జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ, మైఖేల్ అండ్ సుసాన్ డెల్ ఫౌండేషన్ ముందు పెట్టుబడి పెట్టాయి. శిక్షణ పొందినవాళ్లు ఉద్యోగంలో చేరి నిలబడితేనే మిగతా దాతలు ఆ సొమ్ము తిరిగి చెల్లించాలన్నది ఏర్పాటు. మొత్తం 1.44 కోట్ల డాలర్లు, లక్ష్యం 50,000 మంది, అందులో 60 శాతం మహిళలు. ఎన్ని సర్టిఫికెట్లు పంచారని కాక, మనిషి పనిలో నిలిచాడా అని అడగడం నాకు నచ్చింది. అయితే సొంతంగా మెషీన్ కొనుక్కుని వీధి చివర గేట్లు, గ్రిల్స్ చేసుకునేవాడికి జీతం చీటీ ఉండదు. ఏడాది తర్వాత అతని సంపాదన ఎంత పెరిగిందో కూడా ఎవరైనా అడగాలి.

కంపెనీల్లో ఈ నిధులు చూసేవారికి నా విన్నపం ఇదే. యంత్రం ఇచ్చేటప్పుడు మూడేళ్ల లైసెన్సు, రిపేరు ఖర్చు కలిపి ఇవ్వండి. పక్కన నిలబడి చేయి పట్టి నేర్పే శిక్షకుడి జీతం రాయండి. సాయంత్రం బ్యాచ్ ఉంటేనే డబ్బిస్తామనండి. అన్నిటికంటే ముందు, నేర్చుకునే మనిషికి పోయే కూలి ఇవ్వండి. అది లేకపోతే మిగతా ఖర్చంతా ఆమె గుమ్మం దాకా కూడా చేరదు.