గొర్రెకు మందునీళ్ళ స్నానం

జహీరాబాదు దగ్గరి న్యాల్‌కల్ పరిసరాల్లో ఉండేవారైతే మీరు ఈ దృశ్యం చూసే ఉంటారు. మంద అంతా మేస్తూ ముందుకు సాగిపోతుంది. ఒక్క గొర్రె మాత్రం ఆగిపోయి, తుమ్మచెట్టు మొదలుకు ఒళ్ళు రుద్దుకుంటూ ఉంటుంది. అది కదిలిపోయాక దగ్గరికి వెళ్ళి చూడండి. బెరడుకు నల్లటి ఉన్ని పోగులు అంటుకుని కనిపిస్తాయి. గొంగడిలోకి చేరవలసిన ఉన్ని అది!

ఆ నల్ల గొర్రె దక్కని జాతిది. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకల మెట్ట నేలలకు అలవాటుపడిన జాతి. దీని ఉన్ని ముతకది. మెత్తని స్వెట్టర్లకు పనికిరాదు. కాని కురుమలు దానినే వడికి, చింతగింజల గంజి పట్టించి, వానకూ చలికీ తట్టుకునే గొంగడి నేస్తారు. ముతక ఉన్నికి ధర పడిపోవడంతో చాలామంది కాపరులు మాంసం కోసం నెల్లూరు గొర్రెకు మారారు. దానికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. దక్కని గొర్రెను వదలని వారికి మాత్రం చర్మంమీది పురుగు రెండు విధాల నష్టం తెస్తుంది. గొర్రె చిక్కిపోతుంది, ఉన్నీ పాడవుతుంది.

ఇంతకూ ఆ పురుగులేవి? ఉన్ని పాయల్ని వేళ్ళతో విడదీస్తే మొదట కనిపించేవి పిడుదులు. కొన్నిచోట్ల గోమార్లంటారు. నెత్తురు తాగి శనగగింజల్లా ఉబ్బి ఉంటాయి. వాటికన్నా చిన్నవి పేలు. ఇవి చర్మంమీది పొట్టును కొరికి తింటాయి, గుడ్లను ఉన్నికి అతికిస్తాయి. అన్నిటికన్నా చెడ్డది గజ్జి పురుగు. మిల్లీమీటరు పొడవైనా ఉండదు. సాలీడులాగే దీనికీ ఎనిమిది కాళ్ళు. చర్మాన్ని గుచ్చితే ఊరే రసమే దాని ఆహారం. ఆ రసం ఎండి పెచ్చులు కడుతుంది, దురద పుడుతుంది, గొర్రె ఒళ్ళు రుద్దుకుంటుంది, ఉన్ని ఊడిపోతుంది. అదే చెట్టుకు మరో గొర్రె రుద్దుకుంటే పురుగు దానికీ అంటుకోవచ్చు.

మరి మందు చల్లితే చాలదా? చాలదు. ఉన్ని దట్టంగా ఉంటుంది. పైన చల్లిన మందు పైపైన తడిపి ఊరుకుంటుంది. పురుగు ఉండేది అడుగున, చర్మం దగ్గర. అందుకని గొర్రెనే మందునీళ్ళలో ముంచే పద్ధతి వచ్చింది. ఇంగ్లండులోని బెర్కమ్‌స్టెడ్ అనే ఊళ్ళో విలియం కూపర్ అనే పశువైద్యుడు 1852లో ఆర్సెనిక్, గంధకం కలిపిన పొడి తయారుచేశాడు. నీళ్ళలో కలిపి గొర్రెను ముంచడానికి వాడే ఆ పొడి ఎన్నో దేశాలకు వెళ్ళింది. ఆర్సెనిక్ అంటే పాషాణం! పురుగునే కాదు, పొరపాటు జరిగితే గొర్రెనూ, ముంచే మనిషినీ కూడా చంపగలదు. ఆ తరువాత బి.హెచ్.సి. వచ్చింది. అది నేలలో, కొవ్వులో ఏళ్ళ తరబడి నిలిచిపోతుందని తేలాక మన దేశంలో 1997లో నిషేధించారు. ఇప్పుడు డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటివి వాడుతున్నారు. ఏది, ఎంత అన్నది పశువైద్యుడే చెప్పాలి. పక్కింటివాళ్ళు చెప్పిన మూతల లెక్క పనికిరాదు.

ఇక్కడొక తమాషా ఉంది. ఉన్నిపోగు మన వెంట్రుకలాగే కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైనది. దానిమీద జిడ్డు ఉంటుంది. క్రీముల్లో వాడే లానోలిన్ వచ్చేది ఆ జిడ్డులోంచే. ఉన్నిని వాన నుంచి, ఎండ నుంచి కాపాడేది అదే. ఇప్పటి మందుల్లో చాలావాటికి నీళ్ళకన్నా జిడ్డంటే ఇష్టం. గొర్రె తొట్టిలో దిగగానే మందు నీళ్ళను వదిలి ఉన్నికి పట్టుకుంటుంది. గొర్రె ఒంటిమీద కొన్నాళ్ళపాటు మందు నిలిచేది అందుకే. ఉన్నిని కాపాడే జిడ్డే మందుకు కూడా గిడ్డంగి అన్నమాట!

ఈ మేలులోనే ఒక చిక్కు దాగి ఉంది. ఒక లెక్క వేద్దాం. తొట్టి పొడవు 2 మీటర్లు, వెడల్పు అర మీటరు, నీటి లోతు 1 మీటరు. అంటే 1000 లీటర్లు. లీటరుకు ఒక పాలు చొప్పున 1000 పాళ్ళ మందు కలిపామనుకోండి. ఒక్కో గొర్రె ఒంటిమీద 2 లీటర్ల నీళ్ళు పోతాయనీ, ఉన్ని మాత్రం తనవంతుకు రెట్టింపు మందు లాక్కుంటుందనీ అనుకుందాం. నూరు గొర్రెలు దాటేసరికి 800 లీటర్ల నీళ్ళు మిగులుతాయి, మందు మాత్రం సుమారు 640 పాళ్ళే. లీటరుకు 0.8 పాలు. నీళ్ళు తగ్గాయని 200 లీటర్ల మామూలు నీళ్ళు పోస్తే 0.64కు దిగిపోతుంది. మొదట కలిపిన పాళ్ళలోనే మందునీళ్ళు పోసినా 0.84 దాటదు. మళ్ళీ 1 కావాలంటే ఆ 200 లీటర్లలో 360 పాళ్ళ మందు ఉండాలి. అంటే మొదటిదానికి దాదాపు రెట్టింపు చిక్కదనం! ఈ సంగతి తెలియకపోతే చివర దిగిన గొర్రెలకు స్నానమే మిగులుతుంది, మందు అందదు. వాటిమీద బతికిన పురుగులు మంద అంతటికీ మళ్ళీ పాకుతాయి.

ఎప్పుడు ముంచాలి? దక్కని గొర్రెల ఉన్ని సాధారణంగా ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కత్తిరించిన మర్నాడే ముంచితే కత్తెర గాట్లలోకి మందు దిగుతుంది. పైగా మందును పట్టి ఉంచడానికి ఒంటిమీద ఉన్ని ఉండదు. ఉన్ని బాగా పెరిగాక ముంచితే చర్మందాకా మందు చేరదు, ఒళ్ళు తొందరగా ఆరదు. ముంచిన కొద్దిరోజులకే కత్తిరిస్తే జిడ్డులోని మందు కత్తిరించేవారి చేతులకూ, ఉన్ని కడిగే నీళ్ళకూ అంటుతుంది. కత్తిరించిన రెండు మూడు వారాలకు ముంచడం మంచిది. గాట్లు మానతాయి, ఉన్ని చివుళ్ళు వేస్తుంది. ఎండకాసే ఉదయం, గొర్రెలకు కడుపునిండా నీళ్ళు తాగించి, కాసేపు నీడలో నిలిపి దింపాలి. దాహంతో ఉన్న గొర్రె తొట్టిలోని మందునీళ్ళే తాగుతుంది! పెద్దవాళ్ళు రబ్బరు తొడుగులు వేసుకుని, గొర్రె తలను ఒకటి రెండుసార్లు మాత్రం ముంచుతారు. చాలా మందులు గుడ్లను చంపలేవు. కాబట్టి గుడ్లు పొదిగాక, పిల్లపురుగులు పెరిగి మళ్ళీ గుడ్లు పెట్టకముందే రెండోసారి ముంచవలసి వస్తుంది.

కొందరు పురుగు పోవాలని చాకలిసోడా కలిపిన వేడినీళ్ళతో కడుగుతారు. క్షారం కెరటిన్‌ను కొరికేస్తుంది, జిడ్డునూ కడిగేస్తుంది. ఉన్ని గరుకై పుటుక్కున తెగుతుంది. పొట్టేళ్ళకు గుర్తుగా పూసే తారూ అంతే, కడిగినా పోదు. ఉన్ని కడగడానికి గోరువెచ్చని కుంకుడు రసం నయం. సీతాఫలం గింజల పొడి పేలను చంపుతుందన్నది నిజమే. కాని అది కంట్లో పడితే ప్రమాదం, మీరు ముట్టుకోకండి.

పని అయ్యాక తొట్టిలో మిగిలిన నీళ్ళేం చేయాలి? న్యాల్‌కల్ మండలం అంచున మంజీర పారుతోంది. కింద సింగూరు జలాశయం, ఆ నీళ్ళే హైదరాబాదుకు తాగునీరు. సైపర్‌మెత్రిన్ చిటికెడు చాలు, చేపలు తేలిపోతాయి, చేపలు తినే నీటిపురుగులు చస్తాయి. వాగుల్లో పురుగులు నశిస్తున్నాయని బ్రిటన్‌లో 2006లో గొర్రెలను ముంచే సైపర్‌మెత్రిన్ మందు అమ్మకాన్ని ఆపివేశారు. కనుక మందునీళ్ళు వాగులోకి గాని, చెరువులోకి గాని, బావి దరికి గాని పోనివ్వకూడదు. ఒళ్ళింకా కారుతున్న గొర్రెలను వాగు దాటించకూడదు.

ఈసారి ఉన్ని కత్తిరించేచోటికి వెళితే ఒక పాయ అడిగి తెచ్చుకోండి. రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కసారి గట్టిగా లాగండి. బలమైన ఉన్నయితే తంత్రిలా మోగుతుంది. ఎక్కడైనా చిటపటమని తెగిందా? గొర్రె జబ్బుపడినప్పుడు, పస్తున్నప్పుడు పోగు సన్నబడుతుంది. పోగు పెరిగేది మొదట్లో, చర్మం దగ్గర. కాబట్టి తెగినచోటు కొసకు దగ్గరైతే ఆ కష్టం చాలాకాలం కిందటిది. మొదలుకు దగ్గరైతే ఈమధ్యదే.