వ్యక్తిగత ఆరోగ్య బీమా: ప్రీమియం పెరుగుదల, షరీఅత్ దృష్టి

ఆరోగ్య బీమాను గూర్చి ముస్లిముల మధ్య చర్చ వచ్చినప్పుడల్లా అది సాధారణంగా ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతుంది: ఇది హలాలా, హరామా? ప్రశ్న ముఖ్యమైనదే. కాని దాని వెంటనే అడగవలసిన ప్రశ్న మరొకటి వున్నది. ఇరవై ఏళ్ళపాటు ఒక్క క్లెయిము కూడా లేకుండా ప్రీమియం చెల్లించినవాడు అరవై అయిదవ ఏట, సరిగ్గా దాని అవసరం కలిగే కాలంలో, ఆ పాలసీని భరించలేక ఎందుకు వదలుకోవలసి వస్తున్నది? ఈ రెండవ ప్రశ్నకు జవాబు వెదికితే మొదటి ప్రశ్న కూడా మరింత స్పష్టమవుతుంది.

మన దేశంలో వైద్య ఖర్చుకు రక్షణ మూడు మార్గాల్లో లభిస్తున్నది. పేద కుటుంబాలకు ప్రభుత్వం భరించే పథకాలు వున్నాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ అటువంటిదే. కంపెనీలలో, కార్యాలయాలలో పనిచేసేవారికి యజమాని అందరికీ కలిపి గ్రూపు బీమా తీసుకుంటాడు. ఈ రెండింటిలోనూ చోటు లేనివాడు, అనగా చిన్న దుకాణదారు, సొంత లారీ నడుపుకొనేవాడు, పదవీ విరమణ చేసిన ప్రైవేటు ఉద్యోగి, తన పాలసీని తానే కొనుక్కోవాలి. 1986లో ప్రభుత్వరంగ బీమా సంస్థలు ప్రవేశపెట్టిన మెడిక్లెయిమ్‌తో ఈ వ్యక్తిగత బీమా దేశమంతటా వ్యాపించింది. ప్రీమియం పెరుగుదల ఎక్కువగా బాధించేది ఈ మూడవ తరగతివారినే.

పెరుగుదలకు కారణమేమిటని అడిగితే చాలామంది కంపెనీల లాభాపేక్షను చూపుతారు, లేదా ఆసుపత్రుల దోపిడీని నిందిస్తారు. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. వైద్యపు ఖరీదు ఏటా పెరుగుతూనే వున్నది, ఏజెంట్ల కమీషను, కార్యాలయాల ఖర్చు కూడా ప్రీమియంలోనే కలుస్తాయి. అయితే ఈ కారణాలేవీ లేకున్నా ప్రీమియం పెరిగే మార్గం ఒకటి వున్నది. దానిని లెక్కతో చూడటం మంచిది.

వెయ్యిమంది కలిసి ఒక నిధి పెట్టుకున్నారనుకుందాము. వారిలో 600 మంది యువకులు. ఒక్కొక్కరి వైద్యానికి ఏటా సగటున 3,000 రూపాయలు అవుతుంది. మిగిలిన 400 మంది వయసు మళ్ళినవారు. వారికి సగటున 18,000 అవుతుంది. మొత్తం ఖర్చు 90 లక్షలు. అందరూ సమానంగా ఇస్తే తలకు 9,000. మూడువేల ఖర్చు కొరకు తొమ్మిదివేలు ఎందుకివ్వాలని యువకులలో సగం మంది, అనగా 300 మంది, తప్పుకున్నారు. ఇక 700 మంది 81 లక్షలు భరించాలి. తలకు సుమారు 11,570. ఇది చూచి మరి 200 మంది యువకులు వెళ్ళిపోయారు. మిగిలిన 500 మందిపై 75 లక్షలు పడతాయి, తలకు 15,000. ఈ మధ్యలో ఏ ఆసుపత్రీ ఒక్క రూపాయి రేటు పెంచలేదు, ఎవరూ లాభం తీసుకోలేదు. ఆరోగ్యవంతుడు వెళ్ళిపోతాడు, రోగి వుండిపోతాడు, ప్రీమియం పెరుగుతుంది, పెరిగినందువల్ల మరికొందరు ఆరోగ్యవంతులు వెళ్ళిపోతారు.

ఇది కేవలం కాగితం మీది లెక్క కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 1993లో ఒక చట్టం చేసింది: రోగి అయినా సరే బీమా నిరాకరించరాదు, ప్రజలందరూ క్రమంగా బీమాలో చేరి తీరాలి. 1995లో రెండవ షరతును తొలగించి, మొదటిదానిని చాలావరకు అట్లే వుంచారు. జబ్బు చేసిన తరువాత చేరవచ్చునన్నప్పుడు ముందుగా చేరేదెవరు? కంపెనీలు నష్టపోయి ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. 1999 నాటికి ఆ రాష్ట్రంలో వ్యక్తిగత పాలసీని కొత్తగా అమ్మే కంపెనీ దాదాపు మిగలలేదు.

భారతదేశంలోని కంపెనీలు ఈ ప్రమాదాన్ని మరో విధంగా తప్పించుకుంటున్నవి. వయసును బట్టి అంతస్తులు కట్టి, పై అంతస్తువారి భారాన్ని చాలావరకు వారి మీదనే వేస్తాయి. పై లెక్కలోని వృద్ధుడు ఇక్కడ మొదటి రోజు నుండే 18,000 చెల్లిస్తాడు. యువకుడు వెళ్ళిపోడు, నిజమే. కాని వృద్ధుని భారాన్ని యువకుడు పంచుకోవటం అనేదీ మిగలదు. బీమా పేరు వున్నది, పంపకం మాత్రం సన్నగిల్లింది.

బీమా నియంత్రణ సంస్థకు ఈ సంగతి తెలియకపోలేదు. 2024లో అది అన్ని వయసులవారికీ పాలసీలు అందుబాటులో వుండాలని, పూర్వం నుండి వున్న జబ్బులకు నిరీక్షణ కాలం 48 నెలలు కాక 36 నెలలకు మించరాదని నియమం పెట్టింది. 2025 జనవరిలో, అరవై ఏళ్ళు దాటినవారి ప్రీమియంను తనను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతం మించి పెంచరాదని ఆదేశించింది. మంచిదే. అయినా ఏటా 10 శాతం చొప్పున పెరిగితే అరవైయవ ఏట 20,000 వున్న ప్రీమియం డెబ్బైయవ ఏటికి దాదాపు 52,000 అవుతుంది. వ్యక్తిగత పాలసీలపై వున్న 18 శాతం జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుండి తీసివేశారు. కొంత ఊరటే, కాని అది ఒక్కసారి తగ్గే తగ్గుదల. ఏటేటా పెరిగే పెరుగుదలను ఆపేది కాదు.

గల్ఫ్ దేశాల నుండి తిరిగి వచ్చే మన సోదరుల స్థితిని ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి. సౌదీ అరేబియాలో, దుబాయిలో ఉద్యోగి వైద్య బీమా ఖర్చును యజమాని భరించాలన్నది చట్టం. ఉద్యోగం ముగియగానే అదీ ముగుస్తుంది. మధుమేహం, రక్తపోటు వెంటబెట్టుకొని యాభై ఎనిమిదవ ఏట కరీంనగర్‌కో, కడపకో చేరినవాడు వ్యక్తిగత బీమాలో కొత్తవాడుగా నిలబడతాడు. వయసుకు తగిన పెద్ద ప్రీమియం, ఆ జబ్బులకే మూడేళ్ళ వరకు నిరీక్షణ. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల వరకు చికిత్స లభించే ఏర్పాటు 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ క్రింద వచ్చింది. అంటే తెల్లకార్డు లేని కుటుంబానికి కష్టమంతా అరవై, డెబ్బైల మధ్యనే.

ఇక షరీఅత్ దృష్టికి వద్దాము. వాణిజ్య బీమాపై ధర్మవేత్తల అభ్యంతరాలు ప్రధానంగా మూడు: గరర్, అనగా ఏమి ఇచ్చి ఏమి పొందుతున్నామో తెలియని అనిశ్చితి, మైసిర్, అనగా జూదపు లక్షణం, ఆ నిధులు వడ్డీ పత్రాలలో పెట్టుబడి కావటం. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ నిర్ణీత ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాను హరామ్‌గా ప్రకటించి, దానికి బదులు విరాళంపై, పరస్పర సహాయంపై ఆధారపడిన సహకార బీమాను సూచించింది. సిరియా ధర్మశాస్త్రజ్ఞుడు ముస్తఫా అహ్మద్ జర్ఖా మాత్రం బీమా ఒప్పందం మూలతః సమ్మతమేనని, వడ్డీ వంటి దోషాలను తొలగించాలని వాదించారు. అలీగఢ్ ఆచార్యులు ముహమ్మద్ నజాతుల్లాహ్ సిద్దీఖీ కూడా బీమా వేరు, జూదం వేరు అని తమ గ్రంథంలో వివరించారు. భారత ఉలమాలో అవసరం దృష్ట్యా అనుమతించినవారూ వున్నారు, అనుమతించనివారూ వున్నారు.

సహకార బీమాకే నేడు తకాఫుల్ అని పేరు. 1979లో సూడాన్‌లో తొలి సంస్థ వెలిసింది. మలేషియా 1984లో ప్రత్యేక చట్టం చేసింది. ఇందులో సభ్యుడు ఇచ్చేది విరాళం, కంపెనీ నిర్వాహకుడు మాత్రమే, మిగులు సభ్యులకు చెందుతుంది. ఒప్పందం శుద్ధి అయినది. మరి ప్రీమియం మాటేమిటి? పై లెక్కలో ఎక్కడా వడ్డీ లేదు, లాభమూ లేదు. అయినా తొమ్మిదివేలు పదిహేనువేలయింది. 2024 డిసెంబరులో మలేషియా కేంద్ర బ్యాంకు వైద్య ప్రీమియంల పెంపును కనీసం మూడేళ్ళకు పరచి వసూలు చేయాలని ఆదేశించవలసి వచ్చింది. ఆ ఆదేశం వాణిజ్య బీమా కంపెనీలకు ఎంతో, తకాఫుల్ సంస్థలకూ అంతే. ఎవరు చేరాలి, ఎవరు వెళ్ళిపోవచ్చు అన్న విషయం మారనంతవరకు ఒప్పందం పేరు మారినందువల్ల వృద్ధుని భారం తగ్గదు.

ఈ సందర్భంలో ఫిఖహ్‌లోని ఆఖిలా నియమాన్ని జ్ఞాపకం చేసుకోవటం అవసరం. తకాఫుల్‌ను సమర్థించేవారు దీనిని తరచు పేర్కొంటారు గాని, అందులోని అసలు యుక్తిని చాలామంది పట్టించుకోరు. పొరపాటున ఒకని చేతిలో మరొకడు మరణిస్తే దియత్ (రక్తధనం) హంతకుడొక్కడే కాదు, అతని బంధువర్గమంతా మూడేళ్ళలో చెల్లించాలి. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఈ బాధ్యత దీవాన్‌లో, అనగా సైనిక పట్టికలో, పేరున్నవారిపైకి మారిందని హనఫీ ధర్మశాస్త్రజ్ఞులు అంటారు. మన మదరసాలలో బోధించే హిదాయాలో వివరం వున్నది. సరియైన అభిప్రాయం ప్రకారం మూడేళ్ళు కలిపి ఒక్కొక్కరిపై మూడు లేక నాలుగు దిర్హములకు మించి వేయరాదు. స్త్రీలపై, పిల్లలపై ఏమీ లేదు. అంతతో మొత్తం పూర్తికాకపోతే? తలకు ఇంత అని వాటా పెంచరు. తరువాతి దగ్గర తెగను కలుపుకుంటారు.

అంటే, వాటా స్థిరం, వలయం విశాలం. నేటి వ్యక్తిగత బీమా దీనికి సరిగ్గా వ్యతిరేకం: వలయం కుంచించుకుపోతున్నది, వాటా పెరుగుతున్నది. పైగా ఆఖిలాలో వుండటం, లేకపోవటం ఒకని ఇష్టం కాదు. ఈ ఏడు నాకు ప్రమాదం లేదు గనుక తప్పుకుంటానని యువకుడు అనలేడు. అష్అరీ తెగవారు ఆహారం తరిగినప్పుడు తమ వద్ద వున్నదంతా ఒకే వస్త్రంలో పోసి సమానంగా పంచుకొనేవారని, దైవప్రవక్త (స) వారిని తనవారుగా పేర్కొన్నారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో వున్నది. ఎవరు ఎంత తెచ్చారని అక్కడ లెక్క లేదు.

భారత బీమా చట్టంలో తకాఫుల్ కొరకు ప్రత్యేక ఏర్పాటు లేదు. పైగా కంపెనీలు తమ నిధులలో కొంతభాగం ప్రభుత్వ బాండ్లలో పెట్టక తప్పదు. 1938 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనిదే ఎవరూ బీమా వ్యాపారం చేయరాదు. కాబట్టి ఒక మస్జిద్ జమాఅత్ గాని, బైతుల్ మాల్ గాని వైద్య సహాయ నిధి పెట్టదలిస్తే, ఇంత చెల్లించినవానికి ఇంత ఇస్తామని వాగ్దానం చేయరాదు. వున్నదానిలో అవసరాన్ని బట్టి సహాయం చేయాలి. అది విరాళ స్వభావానికీ తగినదే. నిధికి ప్రతి ఇంటి నుండి, జబ్బు వున్నా లేకున్నా, యువకుడున్నా వృద్ధుడున్నా, ఒకే చిన్న వాటా రావాలి. చాలకపోతే పక్క మొహల్లాను, పక్క ఊరిని కలుపుకోవాలి. జకాత్ సొమ్మును ఇందులో కలపరాదు. జకాత్‌ను అర్హుని స్వాధీనం చేయాలన్నది హనఫీ నియమం. ఆసుపత్రి బిల్లు వల్ల అప్పులపాలైన పేదవానికి దానిని నేరుగా ఇవ్వవచ్చును గాని, నిసాబ్ గలవాని ప్రీమియం దానితో కట్టరాదు.