చిత్రకారుల తేనెపట్టు

కళాకారుడు ఏకాంతప్రియుడని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. అది కొంతవరకే సత్యం. చిత్రం గీసేటప్పుడు ఏకాంతం కావలసినదే. కాని గీసినదానిని చూచి బాగున్నదనో, బాగులేదనో చెప్పగల తోటివాడు లేనప్పుడు ఆ ఏకాంతమే చెరసాల అవుతుంది. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. నగరంలో ఏకాంతానికి అద్దె చెల్లించవలె. నెలజీతం లేనివానికి వెలుతురు వచ్చే గది ఎట్లా దొరుకుతుంది?

ఈ ప్రశ్నకు పారిస్ నగరంలో ఒక శిల్పి 1902లోనే సమాధానం చెప్పినాడు. అతని పేరు ఆల్‌ఫ్రెడ్ బూషే. అతడు ఒక తోటమాలి కొడుకు. తండ్రి ఒక శిల్పి ఇంట పనిచేయడం వల్ల బాలునికి ఉలి పట్టే అవకాశం కలిగినది. పెరిగి పెద్దవాడై కీర్తిని, ధనాన్ని ఆర్జించినాడు. కాని తన బాల్యాన్ని మరువలేదు.

1900లో పారిస్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగినది. అది ముగియగానే అక్కడి కట్టడాలను విప్పి అమ్మివేసినారు. వాటిలో ద్రాక్షసారాయి ప్రదర్శనకై నిర్మించిన మందిరం ఒకటి. దాని నిర్మాణానికి రూపకల్పన చేసినవాడు గుస్తావ్ ఐఫెల్. బూషే దానిని కొని, వోజిరార్ పేటలో పశువధశాలల సమీపాన చవకగా దొరికిన స్థలంలో నిలబెట్టినాడు. గుండ్రని కట్టడం, నడుమ మెట్లు, చుట్టూ చిత్రశాలలు. ఒక్కొక్క గది మెట్లవైపు ఇరుకుగా, కిటికీవైపు వెడల్పుగా ఉంటుంది. ఆ రూపాన్ని బట్టియే దానికి ‘లా రూష్’ అని పేరు వచ్చినది. తేనెపట్టు అని దాని అర్థం.

అందులో సుఖాలేమీ లేవు. వధశాలల నుండి దుర్వాసన, పశువుల అరుపులు వచ్చేవి. కాని అద్దె స్వల్పం. అదైనా సకాలంలో ఇయ్యలేనివానిని బూషే వెళ్ళగొట్టేవాడు కాదు. ప్రదర్శనకు ఒక గది, నాటకాలకు ఒక చిన్న రంగశాల కూడ ఏర్పాటు చేసినాడు.

ఆ గదులకు వచ్చినవారిలో పెక్కుమంది పరదేశులు. వితెబ్‌స్క్ పట్టణం నుండి మార్క్ షగాల్ వచ్చినాడు. అతని తండ్రి చేపల గిడ్డంగిలో కూలి. మిన్‌స్క్ ప్రాంతం నుండి సూటిన్ వచ్చినాడు; అతని తండ్రి పేద దర్జీ. శిల్పులు ఆర్కిపెంకో, జాడ్కిన్ కూడ అక్కడ పనిచేసినవారే. షగాల్ తన ఊరి ఆవులను, పూరిళ్ళను, ఫిడేలు వాయించేవారిని పారిస్‌లో కూర్చుండి చిత్రించినాడు. స్వగ్రామాన్ని చిత్రించడానికి అతనికి పరదేశంలో ఒక గది కావలసివచ్చినది!

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. బూషే శిల్పం పాత సంప్రదాయానికి చెందినది. ఆ యువకుల మార్గం వేరు. అయినా తన అభిరుచిని ఎవరిపైనా రుద్దలేదు. అక్కడ ఉన్నవారందరూ ప్రసిద్ధులు కాలేదు; అనేకుల పేర్లు నేడు ఎవరికీ తెలియవు. ముందుగా పరీక్ష పెట్టి గొప్పవారికే గది ఇత్తునని అతడు అనుకొని ఉంటే, అన్నమే దొరకని సూటిన్ ఆ పరీక్షలో నెగ్గి ఉండేవాడా?

1934లో బూషే మరణించినాడు. 1960ల చివర ఆ స్థలాన్ని అమ్మి, కట్టడాన్ని కూల్చి, నివాసగృహాలు కట్టే ప్రయత్నం జరిగినది. అప్పుడు దాని రక్షణకై ఏర్పడిన సంఘానికి అధ్యక్షుడుగా నిలిచినవాడు ఎనుబది ఏండ్లు దాటిన షగాల్. దాతల సహాయంతో 1971లో ఆ తేనెపట్టు దక్కినది. నేటికీ కళాకారులు అందులో పనిచేస్తూనే ఉన్నారు.

మన దేశంలో ఇట్టి యత్నం మరొక విధంగా జరిగినది. మద్రాసు కళాశాల ప్రిన్సిపాలు కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వాన కొందరు చిత్రకారులు బాటిక్ అద్దకపు బట్టలు తయారుచేసి అమ్మినారు. ఆ సొమ్ము కూడబెట్టి ఇంజంబాక్కంలో స్థలం కొని, 1966లో చోళమండలం కళాకారుల గ్రామాన్ని స్థాపించినారు. నాడు అది ఊరి వెలుపలి ఇసుకనేల. నేడు చెన్నై నగరంలో భాగం. స్థలం తమదే కనుక, చుట్టూ ధరలు పెరిగినా వారిని లేచిపొమ్మనేవారు లేకపోయినారు.

2005లో శాన్ ఫ్రాన్సిస్కోలో ‘కోవర్కింగ్’ అనే పేరు ప్రచారంలోకి వచ్చినది. నేడు హైదరాబాదులోను రోజుకింత అని చెల్లించి ఒక బల్ల, కుర్చీ పుచ్చుకొని పదిమంది నడుమ పనిచేసుకొనేవారున్నారు. ఒంటరితనం తీరడానికి అది మంచి ఉపాయమే. కాని ఆ బల్ల అద్దె ఇయ్యగలవానికే లభిస్తుంది. కళాకారులు చేరిన పేటకు పేరు వస్తుంది. పేరుతో అద్దె పెరుగుతుంది. పెరిగిన అద్దె ముందుగా వెళ్ళగొట్టేది కళాకారులనే. ఈ చిక్కుకు బూషే ఔదార్యం ఒక మందు. చోళమండలం వారి సమష్టి స్వామ్యం మరొక మందు.

ప్రతి ఊరిలోను బూషే పుట్టడు. కాని ప్రతి ఊరిలోను బడి ఉన్నది. సాయంకాలం గంట కొట్టగానే దానిలోని గదులన్నిటికీ తాళాలు పడతాయి. వాటిలో ఒక్క గది తాళాన్ని రెండు గంటలు ఆలస్యంగా వేస్తే, ఇంటిలో చోటు లేని పిల్లవానికి బొమ్మ గీసుకొనేందుకు ఒక మూల దొరుకుతుంది. దానికి కావలసినది ధనం కాదు. తాళపుచెవి చేతనున్నవారి దయ.