మీకు తెలుసా? చెనిక్కాయల్లో ఎంత ప్రోటీనో!

• వానలు అంతంతమాత్రంగా పడే అనంతపురంలో చెనిక్కాయే, అంటే వేరుశనగే, ప్రధాన పంట. 100 గ్రాముల గింజల్లో దాదాపు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. నూనె తీసేసిన పిండిలో అది ఇంచుమించు రెట్టింపు.

• మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ 1950ల్లోనే 75 పాళ్లు వేరుశనగ పిండి, 25 పాళ్లు శనగపిండి కలిపి చవకైన ప్రోటీన్ పొడి తయారుచేసింది.

• 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రోటీన్ చాలు. కండల కోసం డబ్బాల్లో దొరికే ప్రోటీన్ పొడులు వాడొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది.

• సంగటిలోకి ఊరిబిండి (వేరుశనగ పచ్చడి)తో పాటు పప్పు కూడా ఉండాలి. వేరుశనగలో తక్కువైన లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో దొరుకుతుంది.

• ఇంట్లో వేరుశనగ పొడి కొట్టేముందు బూజు పట్టిన, రంగు మారిన గింజలు ఏరిపారేయండి. వాటిలో ఉండే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

• ప్రోటీన్ పొడి డబ్బా కొనాల్సివస్తే ఒక్కో చెంచాకు ప్రోటీన్ ఎంతో, చక్కెర ఎంతో చూడండి. కిడ్నీ జబ్బుంటే ముందు డాక్టర్‌ను అడగండి.