ఖననమా, దహనమా? కతోలికుల సమాధి నియమములు

శ్రీరాంపూరు బొగ్గు గనులలో పనిచేసి విరమించిన కార్మికుడు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసినదే. అప్పటికి పిల్లలు ఏ హైదరాబాదులోనో ఉద్యోగాలలో ఉంటారు. ఆ కుటుంబము కతోలికులదైతే, పెద్దాయన కన్నుమూసిననాడు తొందరగా తేల్చుకొనవలసిన ప్రశ్న ఒకటి ఎదురగును. ఆయనను ఇక్కడి సమాధుల తోటలో ఉంచవలెనా, స్వగ్రామమునకు తీసికొనిపోవలెనా? ఇరుగుపొరుగువారు దహనము చేసి అస్థికలను గోదావరిలో కలుపుతారు. నది ఎంతో దూరము లేదు. ఆవలి ఒడ్డున గోదావరిఖని. మనమును అట్లే చేయవచ్చునా అని సందేహించు కతోలికులు లేకపోలేదు.

శ్రీరాంపూరు ప్రాంతము ఆదిలాబాదు మేత్రాసనము క్రిందిది. 1999లో ఏర్పడిన ఈ మేత్రాసనము సిరో మలబారు సంప్రదాయమునకు చెందినది. కనుక ఇక్కడ వర్తించునది 1990లో ప్రకటింపబడిన ప్రాచ్య శ్రీసభల చట్టము.

ఒకప్పుడు దహనము కోరుకొన్న కతోలికునకు శ్రీసభ అంత్యక్రియలు లభించెడివి కావు. 1963లో రోమాపురి ఆ నిషేధమును సడలించెను. క్రైస్తవ జీవనమునకు విరుద్ధమైన ఉద్దేశముతో కోరుకొన్నదైతే తప్ప, దహనము ఎంచుకొన్నవారికి అంత్యక్రియలు నిరాకరింపరాదు. అయినను శ్రీసభ ఇష్టపడునది ఖననమే. ఆ సంగతి మరుగుపడకుండ క్రియ జరుగవలెనని చట్టము చెప్పుచున్నది.

అసలు చిక్కు దహనముతో కాదు, ఆ తరువాత బూడిదతో. 2016 నాటి రోమాపురి ఆదేశము ప్రకారము దానిని సమాధుల తోట వంటి పవిత్ర స్థలమున భద్రపరచవలెను. గాలిలో చల్లరాదు, నీట కలుపరాదు, బంధువులు పంచుకొనరాదు. ఇంటిలో ఉంచుకొనుట సాధారణముగా కూడదు. 2023లో వచ్చిన వివరణ కొంత వెసులుబాటు నిచ్చినది. మరణించినవానికి ముఖ్యమైన చోట స్వల్పభాగము ఉంచుటకు, అపార్థములకు తావు లేనపుడు, అనుమతి కోరవచ్చును. గోదావరి నిమజ్జనమునకు మాత్రము ఇందులో చోటు లేదు. ఈ మాట పొరుగువారి ఆచారముపై తీర్పు కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఆచరణలో ఇది ఎట్లుండునో 2020 జులైలో కేరళలోని అలెప్పీ మేత్రాసనము చూపినది. కోవిడు మృతులను నియమముల ప్రకారము లోతుగా పూడ్చుటకు అచటి నేల అనుకూలము కాదు. కొద్ది లోతుననే నీరు. దహనము చేసి, బూడిదను చర్చి సమాధుల తోటలో పూడ్చుటకు పీఠాధిపతి అనుమతించిరి.

సమాధుల తోటలో చోటు ఎవరికి? జ్ఞానస్నానము పొందినవారికే కాదు, దానికై సిద్ధపడుచున్నవారికిని అంత్యక్రియలకు హక్కు ఉన్నది. జ్ఞానస్నానము ఇప్పించదలచిన తల్లిదండ్రుల బిడ్డ ముందే మరణించినచో పీఠాధిపతి అనుమతింపవచ్చును. పురిటిలో బిడ్డను పోగొట్టుకొన్నవారు ఈ సంగతి తెలియక తామే వెనుకకు తగ్గుదురు. విచారణ గురువును అడుగుటకు వారు సంకోచింపనక్కరలేదు.

అంత్యక్రియలలో మనుష్యుల మధ్య తారతమ్యము చూపరాదన్నది మరొక సూత్రము. చట్టము ఇంత స్పష్టముగా ఉన్నను, తిరుచిరాపల్లి మేలపుదూరు కతోలిక సమాధుల తోటలో దళితులను వేరుచేయుచు కట్టిన గోడ దశాబ్దములుగా వివాదమై నిలిచినది. అటువంటి గోడకు ఏ సాకు చెప్పినను మేము ఒప్పుకొనలేము.

సమాధి స్థలము శాశ్వతముగా కుటుంబపు ఆస్తి అగునను నమ్మకమును సరికాదు. బొంబాయి వంటి ఇరుకు నగరములలో కొంతకాలమునకు సమాధిని తిరిగి తెరచి, ఎముకలను గోడలోని గూళ్లకు మార్చి, ఆ చోటనే మరొకరిని ఉంచుదురు. గడువు, రుసుము, పైన రాతికట్టడమునకు అనుమతి మొదలగునవి ఊరూరికి వేరు. క్వార్టరు విడిచి దూరము పోవు కుటుంబము వీటిని ముందుగానే విచారణలో అడిగి, వ్రాతమూలకముగా తెలిసికొనుట మేలు. మరణమును 21 రోజులలో నమోదు చేయించుటయు మరువరాదు.

ఇక స్వగ్రామమునకే తీసికొనిపోయిరనుకొందము. అచట కతోలికులకు వేరే తోట లేకపోయినను దిగులు వలదు. ఊరుమ్మడి శ్మశానములోనైనను, ఖననము వేళ గురువు ఆ ఒక్క సమాధిని ఆశీర్వదించినచో చాలును.